గీత నిటారుగానే ఉంది

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు నేను ఆ షెడ్డులో అడుగు పెట్టాను. నాలుగింటికి ఆ ఇంటి రెండో బిడ్డ గాల్లోకి లేస్తుంది. అంటే నా చేతిలో ఉన్నది గంటా ఇరవై నిమిషాలు.

మొదటి బిడ్డ ఆదివారం ఉదయం ఏడూ పదికి లేచాడు. ఏడూ ఇరవై ఒకటికి ఇంజన్ ఆగింది. మొత్తం పదకొండు నిమిషాలు. తిరిగి దిగబోతూ మైదానం ప్రహరీగోడను ఢీకొన్నాడు. ఇంకో మనిషి ఎత్తు ఉంటే దాటేవాడు. వెంటనే పోలేదు. పోస్టుమార్టం కాగితం ప్రకారం ఇరవై నిమిషాలు బతికాడు, కాళ్ళు ఇంజన్ కింద, ఒళ్ళంతా పెట్రోలు. అంటుకోలేదు. అదొక్కటే అతని అదృష్టం అనుకోవాలి.

ఆ విమానం తెల్లది. ఇద్దరు పట్టే చిన్న బండి. ఆరేళ్ళపాటు ఈ షెడ్డులోనే సొంత చేతులతో కట్టుకున్నాడు. అదే నమూనాలో చెల్లెలు పసుపుపచ్చది కట్టుకుంది. తెల్లది ఇప్పుడు టార్పాలిన్ మీద ముక్కలై ఉంది. పసుపుపచ్చది పొద్దున్నే లారీ ఎక్కి మైదానానికి వెళ్ళిపోయింది. అక్కడికి ఇక్కణ్ణించి నలభై నిమిషాల దారి.

నాకొక రోగం ఉంది. ఏ వస్తువును చూసినా అది మనిషిని ఎలా చంపుతుందో ముందు కనిపిస్తుంది. నిచ్చెన చూస్తే విరిగిన మెడ, ఇస్త్రీపెట్టె చూస్తే కాలిన చెయ్యి. మా అబ్బాయి ఫోన్ ఎత్తకపోతే రెండో రింగుకే వాడికి పాడె కట్టేస్తాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన దీన్ని పిచ్చి అన్నాడు. ఈ వృత్తిలోకి వచ్చాక అందరూ తెలివి అంటున్నారు. ఆ షెడ్డులో నాకు కనిపించినవి మాత్రం లెక్కలేనన్ని చావులు.

"రండి డిటెక్టివమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కాస్త ఆలస్యమైంది. కేసు అయిపోయింది."

ఆయన చొక్కా మడత నలగకుండా స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా నేల మీద మెకానిక్. నలభై ఏళ్ళ మనిషి, చేతులకు బేడీలు. ఆ చేతుల్లో ఒక బూటు పెట్టారు. చచ్చిపోయినవాడి బూటు. మడమ లేదు.

"అది ఎందుకిచ్చారు?" అన్నాను.

"పట్టుకుంటే నిజం గుర్తొస్తుందని."

మెకానిక్ అక్క నన్ను పెట్టుకుంది. 'మా తమ్ముడు తాగుతాడు, అబద్ధాలాడతాడు, పెళ్ళాన్ని ఏలుకోలేదు. నట్టు మాత్రం వదులుగా వదలడు' అంది. తమ్ముణ్ణి అంత కచ్చితంగా తిట్టే మనిషి మాట నమ్మాలనిపించింది.

నేను బూటు తీసి బల్ల మీద పెట్టాను. మెకానిక్ వేళ్ళు అది ఇంకా పట్టుకున్నట్టే వంగి ఉండిపోయాయి.

"పెట్రోలు హోసు ఎలా బిగిస్తావో చెప్పు. నాకేమీ తెలియదనుకుని చెప్పు."

"అనుకోవడమెందుకు, తెలియదుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మెకానిక్ ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "కొయ్యడం దగ్గర్నుంచీ జాగ్రత్తమ్మా. పదునైన బ్లేడుతో ఒక్క వేటు. రంపం పెడితే రబ్బరు పొట్టు లోపల పడుతుంది. అది వెళ్ళి ఫిల్టర్లో కూర్చుంటుంది. హోసు మీద పొడుగునా కంపెనీ అక్షరాలుంటాయి. బిగించాక అవి ఒకే వరసలో ఉండాలి. మెలి తిరిగాయంటే హోసు మెలిపడిందన్నమాట. మెలిపడ్డ హోసు ఊరుకోదు, తిన్నగా అవ్వాలని చూసి చూసి నట్టును అదే విప్పుకుంటుంది. వేడిగొట్టానికి ఆనకూడదు. దేనికీ రాసుకోకూడదు."

"నట్టు?"

"గట్టిగా బిగించాలి, మితిమీరి కాదు. ఎక్కువ బిగిస్తే లోపల మూతి పగులుతుంది. సగం లీకులు భయంతో బిగించినవేనమ్మా. కారుతుందేమో, కారుతుందేమో అని ఇంకో అరచుట్టు తిప్పుతారు చూడండి, అవి."

"బిగించాక?"

"పెద్దమ్మ గీత గీస్తుంది."

పెద్దమ్మ అంటే చచ్చిపోయినవాడి తల్లి. షెడ్డుకు ఆనుకుని ఉన్న ఇంట్లో ఉంటుంది. గీత సంగతి అతనే చెప్పాడు. నట్టు మీదా, అది కూర్చునే మూతి మీదా కలిసేట్టు గోళ్ళరంగుతో ఎర్రగా ఒక గీత గీస్తారు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగి పక్కకు జరుగుతుంది. దూరం నుంచే కనిపిస్తుంది. గీత నిటారుగా ఉందంటే నట్టు బిగువుగా ఉన్నట్టే. దాని మీద మళ్ళీ స్పానర్ పెట్టకూడదు. అది ఈ షెడ్డు రూలు.

"ఆ పని ఆవిడకెందుకు?"

"ఆవిడకి భయం. మొదటి ఏడాది రోజూ ఆ గుమ్మంలో నిలబడి ఏడ్చేది. రెక్క చూసి ఏడ్చేది, చక్రం చూసి ఏడ్చేది. అన్న ఒకరోజు గోళ్ళరంగు సీసా చేతిలో పెట్టాడు. 'అమ్మా, నువ్వు గీత గీయని నట్టుతో నేను ఎగరను' అన్నాడు. అప్పట్నుంచి ఏడుపు తగ్గింది. ఎగిరే రోజు మాత్రం ఆవిడకి ముందు చెప్పరు. దిగాక చెప్తారు. ఇంట్లో అందరిదీ అదే అలవాటు."

"గీత తర్వాత?"

"సుద్దపొడి. గీతలు ఆరాక ప్రతి అతుకు చుట్టూ మెత్తని సుద్ద పూస్తాం. అదే ఆఖరి పని. ట్యాంకులో పెట్రోలు ఉంచి తాళం వేస్తాం. చుక్క కారినా తెల్లారేసరికి సుద్ద మీద మచ్చ పడుతుంది."

"శనివారం?"

"నాలుగున్నరకి పెద్దమ్మ గీతలు గీసింది. అయిదున్నరకి నేను సుద్ద పూశాను. ఆరింటికి అన్న తాళం వేశాడు. ఆరుంపావు బస్సుకి మా అక్క ఇంటికి పోయాను. తెల్లారి ఆరింటికి వచ్చాను."

"ఆదివారం పొద్దున్న సుద్ద మీద మచ్చ ఉందా?"

అతను బేడీల వంక చూసుకున్నాడు. "ఉంది," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ స్టూలు మీంచి లేచాడు. "ఉందా? మూడు రోజులుగా నాకెందుకు చెప్పలేదురా?"

"మీరు అడగలేదు సార్. కొట్టారు."

నేను ఇన్‌స్పెక్టర్‌కు చెయ్యి అడ్డం పెట్టాను. "చెప్పు."

"ఫిల్టరు గిన్నె పైన నట్టు దగ్గర. గోరంత మచ్చ. అన్న కూడా చూశాడు. వేలు పెట్టి వాసన చూశాడు. అంతకుముందే ట్యాంకులో ఒక క్యాను పోశాం. గీత వైపు చూశాడు. 'నింపేటప్పుడు ఒలికిందిలే. అమ్మ గీత నిటారుగానే ఉంది' అని గుడ్డతో తుడిచేశాడు. నేను స్పానర్ తీశాను. 'రూలు రూలే' అని నా చెయ్యి తోసేశాడు." అతను బూటు వైపు చూశాడు. "నేను తొయ్యనివ్వకుండా ఉండాల్సింది."

రెండూ యాభై ఏడు.

టార్పాలిన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. విమానం ముందుభాగం గోడకు తగిలి నలిగిపోయింది కానీ, ఫిల్టరు గిన్నె సీటు కింద ఉండడంతో ముక్కలవలేదు. దానికి వచ్చే హోసు, హోసు కొసన నట్టు, నట్టు మీద ఎర్రగీత. గీత నిజంగానే తిన్నగా ఉంది. రెండు వేళ్ళతో నట్టు పట్టుకున్నాను. తిరిగింది. నా కళ్ళముందే గీత తెగి పక్కకు జరిగింది.

"ముట్టుకోకండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అది సాక్ష్యం."

"మీరు ముట్టుకోలేదా?"

"ఫోటో తీసి, వదులుగా ఉందని రాసుకున్నాం. చాలదా? వీడు బిగించకుండానే బిగించానన్నాడు, ఆ పెద్దావిడ నమ్మి గీత గీసింది. పనిలోంచి తీసేస్తానని శుక్రవారం ఆ అబ్బాయి అన్నాడట, తాగొస్తున్నాడని. ఇంకేం కావాలి మీకు?"

నేను చేతిసంచీలోంచి భూతద్దం తీశాను. మందుసీసాల మీద గడువు తేదీలు చదవడానికి కొన్నది. సీటు కింద ఉన్న మిగతా నాలుగు నట్లూ ముందు చూశాను. నాలుగింటి మీదా ఒకటే తీరు. ఎర్రగీత, దాని మీద తెల్లటి సుద్దధూళి. మొదట గీత, ఆ తర్వాత సుద్ద.

అయిదో నట్టు దగ్గరికొచ్చాను. దీని మీద గీత నిగనిగలాడుతోంది. జడపిన్ను కొసతో రంగు అంచు కొంచెం లేపాను. పెచ్చులా ఊడింది. కింద తెల్లగా సుద్ద.

నట్టుకు ఆరు పలకలు. కొత్త గీత ఉన్న పలకను వదిలి దాని పక్క పలక చూశాను. ఎవరో శుభ్రంగా తుడిచారు. కానీ మూలలో, నట్టు మొదట్లో, ఆవగింజలో సగమంత పాత ఎరుపు మిగిలింది.

లేచి నిలబడ్డాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇతను నట్టు సరిగ్గానే బిగించాడు. ఆవిడ గీసిన మొదటి గీత ఆ పక్క పలక మీద ఉండేది. తర్వాత ఎవరో ఒక్క పలక వదులు చేశారు. గీత తెగింది. తెగిన గీత తుడిచేసి కొత్తది నిటారుగా గీశారు. కొత్త గీత సుద్ద మీద ఉంది. సుద్ద అయిదున్నరకి పూశారు. ఆరుంపావుకి ఇతను బస్సులో ఉన్నాడు."

"బస్సు దిగి వెనక్కి రాకూడదా?"

"రావచ్చు. వచ్చి చంపాలనుకున్నవాడు తెల్లారి మచ్చ చూడగానే స్పానర్ ఎందుకు తీస్తాడు?"

"అది వాడు చెప్పే కథ."

"సరే, కథే. పసుపుది ఎగరడం ఆపండి."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "అది ఏర్పాటు చేసిందే నేను. పసుపుదానికి వీడి చెయ్యి పడలేదు. ప్రతి నట్టూ ఆ అమ్మాయే బిగించుకుంది. అది ఎగిరి దిగితే నమూనాలో లోపం లేదని తేలుతుంది, తప్పు వీడిదే అవుతుంది. మేం వేసిన సీలు నేనే తీయించాను. ఫ్లయింగ్ క్లబ్బువాళ్ళు, మా పై ఆఫీసరు అక్కడ కుర్చీలేసుకుని కూర్చున్నారు. మీ జడపిన్ను చూపించి వాళ్ళని లేపమంటారా?"

"ఎగిరేముందు ఒక్క నట్టుకి స్పానర్ పెట్టి చూడమనండి. అంతే."

"చూసుకుంది. పొద్దున్న నా ఎదురుగానే చూసుకుంది. గీతలన్నీ నిటారుగా ఉన్నాయి."

"ఈయన కూడా అదే చూసుకున్నాడు," అని బూటు చూపించాను.

"అమ్మగారూ, మీకు అన్నిటికీ భయమని ఊరంతా తెలుసు. వర్షం పడితే మునిగిపోతామని ఫిర్యాదు రాసే మనిషి మీరు. భయం సాక్ష్యం కాదు. పేరు చెప్పండి, ఆపేస్తాను."

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. ఎగిరేరోజు పొద్దున్నే ఫోన్ కట్టేస్తుందని, అమ్మ చేస్తుందన్న భయంతోనే అని మెకానిక్ చెప్పాడు.

మూడూ ముప్పై అయిదు. షెడ్డుకు తాళంచెవులు రెండే. ఒకటి చచ్చిపోయినవాడి జేబులో దొరికింది.

రెండోది ఇంట్లో, వంటగది గుమ్మం పక్కన మేకుకు ఉంది.

ఆవిడ వంటగదిలో పీట మీద కూర్చుని కొడుకు సాక్సులు జతలు కడుతోంది. ముందు గుట్టగా పోసుకుని ఒక్కొక్కటి సాగదీసి చూసి, జోడు దొరికితే ఉండ చుడుతోంది. కిటికీలో మందుసీసాల పక్కన గోళ్ళరంగు సీసా ఉంది. అడుగంటింది.

"ఇన్‌స్పెక్టర్‌కి చెప్పానమ్మా," అంది నన్ను చూడకుండానే. "వాడు బిగించానన్నాడు. నేను గీశాను."

"ఎన్నింటికి?"

"నాలుగున్నర."

"తర్వాత మళ్ళీ షెడ్డుకి వెళ్ళారా?"

"ఎందుకెళ్తాను?"

మేకు మీది తాళంచెవి తీశాను. దాని గాట్లలో సుద్ద ఇరుక్కుని ఉంది. రింగు మీద ఎర్రగా వేలిముద్రలో సగం. దాన్ని ఆవిడ ముందు సాక్సుల మీద పెట్టాను. ఆవిడ దాన్ని పక్కకు జరిపి, కింద ఉన్న సాక్సు తీసుకుంది.

నాకు అప్పుడు తెలిసిపోయింది. సుద్ద వల్ల కాదు, రంగు వల్ల కాదు. ఆవిడ చేతుల వల్ల తెలిసింది. ఆ చేతులు నాకు బాగా తెలుసు.

ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "మా వాడికి పద్దెనిమిదేళ్ళప్పుడు మోటార్‌సైకిల్ పందెంలో చేరతానన్నాడు. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. వినలేదు. ఆ తెల్లవారుజామున లేచి బండి ప్లగ్గు వైరు పీకి ఉప్పుజాడీలో దాచాను."

ఆవిడ చేతులు ఆగాయి. "వెళ్ళాడా?"

"లేదు. బండి కదల్లేదు. నెలరోజులు నాతో మాట్లాడలేదు."

"మాట్లాడకపోతే ఏం. ఉన్నాడుగా."

"ఉన్నాడు."

"నీకు వైరు దొరికింది." ఆవిడ మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "నాకు ఏది పీకాలో తెలియలేదు."

ఆవిడ ఏడుస్తుందేమోనని ఆగాను. ఏడవలేదు. పప్పులో ఉప్పెంత వేశానో చెప్పినట్టు చెప్పుకుపోయింది.

"ఆదివారం ఎగురుతాడని నాకు తెలుసు. ఎగిరేముందురోజు వాడు నాతో మంచిగా మాట్లాడతాడు. అదీ గుర్తు. వాళ్ళు పడుకున్నాక వెళ్ళాను. ఆరేళ్ళు చూశాను కదా, ఏ స్పానర్ ఏ నట్టుకో నాకూ తెలుసు. ఒక్క పలక తిప్పాను. అంతే. కారితే సుద్ద తడుస్తుంది. తడిస్తే ఎగరరు. అదేగా వాళ్ళ పద్ధతి."

"గీత ఎందుకు మళ్ళీ గీశారు?"

"గీత తెగి ఉంటే నట్టు వదులైందని తెలిసిపోతుంది. ఒక్క నిమిషంలో బిగించి వెళ్ళిపోతాడు. గీత నిటారుగా ఉండి కూడా కారుతోందనుకో, హోసే పోయిందనుకుంటారు. మొత్తం విప్పుతారు. కొత్త హోసు తెప్పించాలి, కొయ్యాలి, బిగించాలి. వారం పడుతుంది." సాక్సు ఉండ చుట్టి పక్కన పెట్టింది. "వారం వారం అలా ఏదో ఒకటి చేస్తే విసుగెత్తి మానేస్తాడనుకున్నాను."

ఆ ఎత్తుగడలో నాకు ఒక్క తప్పు కనిపించలేదు. నేనైనా అలాగే ఆలోచించేదాన్ని.

"సుద్ద తడిసింది," అన్నాను. "మీ అబ్బాయి చూశాడు. తుడిచేశాడు."

"ఎందుకు?"

చెప్పకుండా ఉండవచ్చు. కానీ ఆవిడ నోరు పూర్తిగా తెరుచుకోవాలంటే చెప్పడమొక్కటే దారి. "గీత చూశాడు. 'అమ్మ గీత నిటారుగానే ఉంది' అన్నాడు. మెకానిక్ స్పానర్ పెట్టబోతే చెయ్యి తోసేశాడు."

ఒక సాక్సు తీసి చేతికి తొడుక్కుంది. ఎందుకు తొడుక్కుందో ఆవిడకూ తెలియదు. ఆ చేత్తోనే నోరు మూసుకుంది.

"మెకానిక్‌ని కొడుతున్నారు," అన్నాను. "మీ వాంగ్మూలం పట్టుకుని."

"వాడు జైల్లో ఉన్నా బతికే ఉంటాడు," అంది సాక్సు చాటునుంచి. "నేను చెప్పానంటే చిట్టికి ఎవరున్నారు? అన్న లేడు. నేను జైలుకి పోతే దానికి అన్నం పెట్టేదెవరు? దాని చెయ్యి పట్టుకుని వద్దనేదెవరు?"

చిట్టి. కూతురు. ఎప్పుడూ అందరికంటే ముందు అక్కడికే పోయే నా బుర్ర ఈసారి ఆలస్యంగా పోయింది.

"పెద్దమ్మా. ఆ రాత్రి ఒక్క నట్టే తిప్పారా?"

ఆవిడ సాక్సు చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

"పసుపుది కూడానా?"

"ఇద్దరూ కలిసే ఎగురుతారనుకున్నాను. ఒకదాన్ని ఆపితే రెండోదాంట్లో వెళ్తారు." గొంతులో కంగారు లేదు. "దానికేం, అది తాళంలో ఉంది. పోలీసులు సీలు వేశారు. చిట్టి ఇక ఈ జన్మలో దాని జోలికి పోనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. దాని ట్యాంకు కూడా అప్పుడే ఖాళీ చేశారు. కారడానికి కూడా ఏమీ లేదు."

"చిట్టి ఇప్పుడెక్కడుంది?"

"ఆఫీసుకెళ్ళింది. వాళ్ళన్న చావు సర్టిఫికెట్టుకి. సాయంత్రం అయిదింటికి వస్తానంది."

గోడగడియారం మూడూ యాభై ఒకటి చూపిస్తోంది.

"పొద్దున్న మీరు నిద్ర లేవకముందే సీలు తీశారు. ట్యాంకు నింపారు. నాలుగింటికి మీ అమ్మాయి ఎగురుతోంది. మీకు దిగాక చెప్దామనుకుంది."

ఆవిడ అరవలేదు. లేచిన తీరుకు పీట పక్కకు పొర్లింది. అరవై దాటిన మనిషి, నాకంటే ముందు గుమ్మం దాటింది, చేతికి సాక్సుతో.

షెడ్డులో ఇన్‌స్పెక్టర్‌కు మూడు ముక్కల్లో చెప్పాను. ఆయన ముఖంలో రంగు పోవడం చూశాను. మరో రోజైతే సంతోషించేదాన్ని. ఫోన్ తీసి మైదానంలో ఉన్న హెడ్‌కానిస్టేబుల్‌కి కలిపాడు. మోగింది. మళ్ళీ మోగింది.

"ఎత్తడం లేదు," అన్నాడు.

"రేడియో," అన్నాడు మెకానిక్. అరమీద విమానంతో మాట్లాడే రేడియో ఉంది. అన్నాచెల్లెళ్ళు ఒకరు పైన ఉంటే ఇంకొకరు దాని ముందు కూర్చునేవారట. అతను లేచాడు, బేడీల చేతులు చాచాడు. "సార్, తాళం తియ్యండి."

ఇన్‌స్పెక్టర్ జేబులు వెతుక్కున్నాడు. చొక్కా జేబు, ప్యాంటు జేబు, మళ్ళీ చొక్కా జేబు. బేడీల తాళం జీపులో ఉంది. మెకానిక్ ఆగలేదు. రెండు చేతులూ కలిపి మీట తిప్పి, గడ్డంతో మైకు నొక్కిపట్టాడు. రేడియో వేడెక్కి దీపం వెలగడానికి, సరైన చోట ముల్లు నిలవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"చిన్నమ్మాయ్, షెడ్డు నుంచి మాట్లాడుతున్నా. బయల్దేరకు. వినపడుతోందా, బయల్దేరకు."

గరగర. తర్వాత ఆడగొంతు, వెనకాల ఇంజన్ మోత. "నువ్వా? నిన్ను వదిలేశారా? గాలి పెరిగేట్టుందని ముందే లేచాను. మూడూ యాభై నాలుగుకి. ఇప్పుడు మైదానానికి అవతల, చెరుకుతోటల మీద ఉన్నాను. భలే పోతోంది."

నాలుగూ ఒకటి. ఏడు నిమిషాలు అయిపోయాయి.

మెకానిక్ కళ్ళు మూసుకుని అడిగాడు. "ఫిల్టరు పైన నట్టు చూశావా?"

"చూశాను. కొంచెం తడిగా ఉంది. నింపేటప్పుడు ఒలికినట్టుంది, తుడిచేశాను. ఎందుకలా అడుగుతున్నావ్? కంగారేం లేదు. గీత నిటారుగానే ఉంది."

టార్పాలిన్ మీద నేను తిప్పిన నట్టు, తెగిన గీతతో, అలాగే ఉంది.

"వెనక్కి తిరుగు," అన్నాడు మెకానిక్. "ఇప్పుడే. ఆ నట్టు వదులుగా ఉంది."

"నా చేత్తో బిగించాను. నీ నట్టు అనుకున్నావా?" ఆ గొంతులో ఎగతాళి ఉంది, కింద ఎక్కడో ఏడుపు ఉంది. "మీ అక్క చెప్పమందా? నేను పూర్తిగా చుట్టొచ్చి దిగితే నీ మీద కేసు నిలబడుతుందని భయమా? అన్నయ్యని చంపింది చాలదా నీకు?"

మెకానిక్ గడ్డం మైకు మీంచి జారింది. ముసలావిడ మైకు అందుకుంది.

"చిట్టీ."

అటువైపు ఇంజన్ చప్పుడొక్కటే. "అమ్మా? నీకెవరు చెప్పారు? నువ్వక్కడేం చేస్తున్నావ్?"

"తిరిగి రా తల్లీ. ఆ గీత నమ్మకు. శనివారం రాత్రి నేను నట్టు విప్పి మళ్ళీ గీశాను. మీరు ఎగరకూడదని. కారితే ఆగిపోతారని."

నాలుగూ రెండు. ఇన్‌స్పెక్టర్ నా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా, "మైదానం ఎంత దూరంలో ఉంటుంది ఆ తోటలకి?" అన్నాడు. దూరం ఎంతైనా దారిలో ప్రహరీగోడ ఉంటుంది.

"తిరుగుతున్నాను," అంది ఆ అమ్మాయి చివరకు. గొంతు చిన్నపిల్లది అయిపోయింది. కాసేపాగి అడిగింది. "అమ్మా. అన్నయ్యది కూడా నువ్వేనా?"

మైకు మీట మీద ముసలావిడ బొటనవేలు ఉంది. గోరు మొదట్లో ఎర్రరంగు అంటుకుని ఉంది, మూడు రోజులుగా కడుక్కోనిది. ఆ వేలు నొక్కలేదు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి కానీ మాట బయటికి పోయే దారి మూసే ఉంది.

"చెప్పమ్మా," అంది చిట్టి. జవాబు కోసం మీట వదలడం మరిచిపోయినట్టుంది, వదిలితే గానీ ఇటు మాట అటు వినపడదు. ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఊపిరి వెనక ఇంజన్.

నా గడియారంలో నాలుగూ మూడు. ఇంజన్ ఒకసారి దగ్గింది.